తొలేదో కోటగోడల మధ్య ఒక రోజు

భూమిపై సంచరించి, తమకు పూర్వం గతించిన జాతుల పర్యవసానం ఏమైందో కళ్లారా చూడమని దివ్యఖుర్ఆన్ ఒకటికి పదిసార్లు మనిషిని ఆదేశిస్తుంది. రూమ్ సూరాలో ఈ ఆదేశం వచ్చినచోట మరో సంగతి కూడా ఉంది. ఆ గతించినవారు తరువాతి వారికన్నా బలవంతులు, నేలను ఎక్కువగా దున్నినవారు, ఎక్కువగా కట్టినవారు. మనల్ని చూడమన్నది బలహీనుల గుడిసెలను కాదు, బలవంతుల కోటలను. కోట ఎందుకు నిలవలేదని అడగడానికే ఆ ప్రయాణం.

నేడు మన కుటుంబాల పిల్లలు చదువుల కోసం, ఉద్యోగాల కోసం ఐరోపా దేశాలకు వెళుతున్నారు. వారిని చూడటానికి తల్లిదండ్రులూ వెళుతున్నారు. వెళ్లినవారిలో కొందరు స్పెయిన్ దాకా పోయి కార్డోబా మస్జిద్‌నూ, గ్రనాడాలోని అల్‌హంబ్రానూ చూసి, నాలుగు ఫోటోలు తీసుకుని, రెండు కన్నీటి బొట్లు రాల్చి తిరిగి వస్తారు. తొలేదో మాత్రం చాలామంది దారిలో పడదు. అరబ్బులు దాన్ని తులైతులా అన్నారు. అందులుస్‌లోని పెద్ద నగరాలలో ముస్లింల చేతినుండి ముందుగా జారిపోయినది ఇదే. గ్రనాడా కన్నా 407 ఏళ్ల ముందు, 1085లో పోయింది. చివరిది ఎలా పోయిందో తెలుసుకోవడం కన్నా మొదటిది ఎలా పోయిందో తెలుసుకోవడం మనకు ఎక్కువ అవసరమని నా అభిప్రాయం.

మాడ్రిడ్ నుండి వేగపు రైలులో అరగంట ప్రయాణం. ఆ మాడ్రిడ్ కూడా 9వ శతాబ్దంలో అమీర్ ముహమ్మద్ కట్టించిన ‘మజ్రీత్’ అనే సరిహద్దు కోటే. తొలేదో దారిని కాపాడటం అది కట్టిన కారణాలలో ఒకటి. కాపలా కోట నేడు దేశ రాజధాని అయింది, అది కాపాడిన మహానగరం ఒక్కరోజులో నడిచి చూసే ఊరైంది! ఉదయమే బయలుదేరితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. గట్టి చెప్పులు తొడుక్కోవాలి. వీధులన్నీ ఎత్తుపల్లాలు, రాళ్లు పరచిన ఇరుకు సందులు. మోకాళ్ల నొప్పులున్న పెద్దలను తొందరపెట్టవద్దు.

స్టేషన్ నుండి కాలినడకన కొద్ది దూరం వెళ్లగానే తాజో నది కనిపిస్తుంది. నది ఆ రాతి కొండను మూడు వైపులా చుట్టుకుని పారుతుంది. నాలుగో వైపు, అంటే ఉత్తరాన, నది లేనిచోట ప్రాకారం బలంగా లేచింది. నది మీద ఉన్న పాత వంతెన పేరు అల్‌కాంతారా. అరబీలో ‘ఖన్‌తరా’ అంటే వంతెన. స్పెయిన్‌వారు వంతెన అనే మాటనే దానికి పేరుగా ఉంచుకున్నారు. రోమన్లు వేసిన పునాదిపై 10వ శతాబ్దం చివర ముస్లింలు దాన్ని మళ్లీ కట్టారు. 13వ శతాబ్దపు వరదలో దెబ్బతింటే క్రైస్తవ రాజు పదవ అల్ఫోన్సో మరమ్మతు చేయించాడు. ఒకరు వేసినదాన్ని ఇంకొకరు నిలబెట్టిన వంతెన అది.

వంతెన దాటి పైకెక్కితే సొకోదొవేర్ అనే కూడలి వస్తుంది. వినడానికి పూర్తి స్పానిష్ పేరులా ఉంటుంది. అసలు మాట ‘సూఖుద్దవాబ్’, పశువుల సంత. ఖుర్ఆన్ పారాయణం చేసే మన ఇంటి ఆడపడుచులకు ‘దాబ్బహ్’, ‘దవాబ్’ అన్న మాటలు కొత్తవి కావు. ఆ భాషలో ఇలాంటివి చాలా దొరుకుతాయి. ఊరి మేయరును వారు ‘అల్‌కాల్దె’ అంటారు, అది మన ఖాజీయే. చక్కెర ‘అసూకర్’, నూనె ‘అసైతె’. ఏదైనా జరగాలని కోరుకున్నప్పుడు ‘ఓహలా’ అంటారు. అల్లాహ్ తలిస్తే అన్న అరబీ మాట అది. అర్థం తెలియకుండానే ఆ దేశంలో పిల్లలు సైతం రోజూ పలుకుతారు. రాజ్యం పోయి వందల ఏళ్లయినా మాట పోలేదు.

ఇక ఈ నగరంలో ఇచ్చిన మాట ఏమైందో చూద్దాం. మన నడక అంతా ఆ ప్రశ్న వెంటే.

711లో తారిఖ్ బిన్ జియాద్ సేనలు స్పెయిన్‌లో అడుగుపెట్టాయి. అప్పటికి తొలేదో విసిగోత్ రాజుల రాజధాని. కొద్దికాలంలోనే అది ముస్లింల వశమైంది. నగరంలోని క్రైస్తవులు జిజ్యా చెల్లించి తమ చర్చీలలో తమ ఆరాధన చేసుకుంటూ ఉండిపోయారు. కాలక్రమంలో అరబీ మాట్లాడసాగారు. వారినే మొజారబులు అన్నారు. దాదాపు 370 ఏళ్ల ముస్లిం పాలన తరువాత కూడా వారి పురాతన ప్రార్థనా విధానం చెక్కుచెదరలేదు. నేటికీ తొలేదో కెతడ్రల్‌లో ఒక ప్రత్యేక మందిరంలో ఆ విధానంలోనే ఆరాధన జరుగుతోంది. ముస్లిం పాలకులు తమ పౌరులకిచ్చిన మాటకు ఇంతకన్నా గట్టి సాక్ష్యం ఏం కావాలి? సాక్ష్యం చెబుతున్నది ముస్లింలు కూడా కాదు, క్రైస్తవుల సొంత మందిరమే.

అయితే చరిత్రను సగం చెప్పడం కూడా అబద్ధమే అవుతుంది. మన సభల్లో అందులుస్ గురించి మాట్లాడేవారు ఇక్కడ ఆగిపోతుంటారు. ఇదే నగరంలో మొదటి హకమ్ పాలనాకాలంలో ఒక ఘోరం జరిగింది. తొలేదో ప్రజలు మాటిమాటికీ తిరగబడుతున్నారని హకమ్‌కు కోపం. అమ్రూస్ అనే వ్యక్తిని గవర్నరుగా పంపాడు. అతడు స్థానిక మూలాలున్నవాడు కాబట్టి జనం నమ్మారు. అతడు కొత్త కోట కట్టించి, నగర పెద్దలందరినీ విందుకు పిలిచాడు. ఒక ద్వారం గుండా లోపలికి వచ్చినవారిని వచ్చినట్టే నరికించి, కోట కట్టడానికి మట్టి తీసిన గోతిలో పడవేయించాడు. లోపలికి వెళ్లేవారు కనిపిస్తున్నారే గాని బయటికి వచ్చేవారు కనిపించడం లేదేమిటని ఒక వ్యక్తికి అనుమానం వచ్చి అరిచేదాకా వంటశాల పొగే అనుకున్నారట జనం. అరబ్ చరిత్రకారులే దీన్ని ‘గోతి రోజు’ అని రాసిపెట్టారు. మృతుల సంఖ్య ఒక్కొక్కరు ఒక్కో విధంగా చెప్పారు. చనిపోయినవారిలో కొత్తగా ఇస్లాం స్వీకరించిన కుటుంబాల వారు ఎందరో ఉన్నారు. తోటి ముస్లిం పిలిచాడని నమ్మి, బిస్మిల్లాహ్ అని భోజనానికి వచ్చినవారు!

అతిథిగా పిలవడమంటే అభయమివ్వడం. ఇది మన ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి. పేరు ముస్లిం పేరైనంత మాత్రాన ద్రోహం ధర్మం కాదు. అటువంటివారిని వెనకేసుకురావలసిన బాధ్యత అల్లాహ్ మన మీద ఎక్కడా పెట్టలేదు.

కార్డోబా ఖిలాఫత్ 1031లో కూలిపోయాక అందులుస్ చిన్న చిన్న రాజ్యాలుగా చీలిపోయింది. తొలేదోను జున్నూన్ వంశంవారు ఏలారు. వారిలో అల్‌మామూన్ 1043 నుండి 1075 వరకు రాజ్యం చేశాడు. అతని కాలంలో నగరం విజ్ఞాన కేంద్రమైంది. తాజో ఒడ్డున జర్ఖాలీ నీటి గడియారాలు అమర్చాడు. ఇబ్ను వాఫిద్ ఔషధాల మీద గ్రంథం రాశాడు. ఇబ్ను బస్సాల్ రాజుగారి తోటలో మొక్కలు పెంచి సాగు శాస్త్రం రాశాడు. నగర ఖాజీ అయిన సాఇద్ అల్ అందలుసీ 1068లో జాతుల విజ్ఞాన చరిత్ర రాశాడు. శాస్త్రాలను సాకిన జాతుల్లో మొదటి స్థానం అతడు ఎవరికిచ్చాడో తెలుసా? హిందూ దేశ ప్రజలకు, అంటే మన భారతీయులకు! లెక్కలలో, ఖగోళ శాస్త్రంలో వారి తెలివిని, వారి న్యాయబుద్ధిని ఆయన మెచ్చుకున్నాడు. ఆ ఖాజీ ఈ దేశాన్ని చూసినవాడు కాదు. అయినా పరాయి ధర్మంవారికి చెందవలసిన గౌరవాన్ని కొలతలో తగ్గించలేదు. కొలతలో తగ్గించకపోవడం కూడా ఒక అమానత్తే.

1072లో ఓ వింత జరిగింది. లియోన్ రాజు ఆరవ అల్ఫోన్సో తన సొంత అన్న చేతిలో ఓడి, దేశం విడిచి వచ్చి అల్‌మామూన్ శరణు కోరాడు. ముస్లిం రాజు అతన్ని అతిథిగా ఉంచుకున్నాడు. నెలల తరబడి అల్ఫోన్సో ఈ వీధుల్లోనే తిరిగాడు, ఈ గోడలనే చూశాడు. అన్న హత్యకు గురయ్యాక తిరిగివెళ్లి రాజయ్యాడు. వెళ్లేముందు ఇద్దరి మధ్య స్నేహ ప్రమాణం జరిగింది. అల్‌మామూన్ బతికి ఉన్నంతకాలం అల్ఫోన్సో దానికి కట్టుబడ్డాడని చెప్పాలి. న్యాయం ఎవరిదైనా న్యాయమే.

తరువాత అల్‌మామూన్ మనుమడు అల్‌ఖాదిర్ గద్దెనెక్కాడు. తాత నమ్మిన మంత్రి ఇబ్నుల్ హదీదీ. అతని సలహా వదలవద్దని తాత మనుమడికి చెప్పిపోయాడు. మనుమడు మొదటి ఏడాదిలోనే ఆ మంత్రిని శత్రువులకు అప్పగించి చంపించాడు. ఆ ఒక్క పనితో నగరం రెండు ముక్కలైంది. జనం తిరగబడ్డారు. అల్‌ఖాదిర్ పారిపోయి, తిరిగి గద్దెనెక్కించమని అల్ఫోన్సోనే ప్రాధేయపడ్డాడు. అందుకు కప్పం ఒప్పుకున్నాడు, కోటలు అప్పగించాడు. కప్పం కట్టడానికి ప్రజలను పీడించాడు. పక్కనున్న ముస్లిం రాజులు కూడా ఒకరి మీద ఒకరికి గెలుపు కోసం అదే అల్ఫోన్సోకు బంగారం పంపుతున్నారు. ఆ బంగారంతోనే అతడు సైన్యాన్ని పోషించాడు. చివరకు ముట్టడి, ఆకలి. 1085 మే 25న అల్ఫోన్సో నగరంలో ప్రవేశించాడు. ఈ ప్రాకారాన్ని ఎవరూ పడగొట్టలేదు. నేటికీ నిలిచే ఉంది, చేత్తో తాకి చూడవచ్చు.

సొకోదొవేర్ నుండి కెతడ్రల్ వైపు నడిచే దారిలో తొర్నెరియాస్ సందు వస్తుంది. అక్కడ దుకాణాల పైన మేడమీద కట్టిన చిన్న మస్జిద్ ఒకటుంది. నగరం చేజారిన తరువాత కూడా చాలాకాలం అక్కడ నమాజ్ జరిగింది. దగ్గర్లోనే అల్‌కానా అనే పాత బజారు ఉండేది. ‘దోన్ కిహోతె’ రచయిత సెర్వాంతెస్ తన కథ అరబీ రాతప్రతిగా ఆ బజారులోనే దొరికిందని సరదాగా కల్పించి చెప్పాడు. ఆ మహా గ్రంథానికి అసలు రచయిత ఒక ముస్లిం అని నాటకమాడటం, అదీ ముస్లింలను దేశం నుండి వెళ్లగొట్టబోతున్న రోజుల్లో! సరే, అది వేరే కథ.

కెతడ్రల్ ముందు కాసేపు ఆగాలి. 1085 నాటి ఒప్పందంలో అల్ఫోన్సో తొలేదో ముస్లింలకు కొన్ని మాటలిచ్చాడు. ఉండదలచినవారి ప్రాణాలకు, ఆస్తులకు రక్షణ. వెళ్లదలచినవారికి దారి. నగరపు జామె మస్జిద్ ముస్లింల చేతిలోనే ఉంటుందన్నది ఆ మాటల్లో ఒకటి. ఆ మస్జిద్ ఈ కెతడ్రల్ ఉన్నచోటే ఉండేది.

రెండేళ్లు కూడా నిండలేదు. రాజు ఊర్లో లేని సమయంలో రాణి కాన్స్తాన్స్, ఆర్చిబిషప్ బెర్నార్డ్ కలిసి రాత్రిపూట సైనికులను పంపి మస్జిద్‌ను ఆక్రమించారని తొలేదో ఆర్చిబిషప్పే అయిన రోద్రీగో 13వ శతాబ్దంలో రాసిన చరిత్ర చెబుతోంది. లోపల పూజాపీఠం నిలిపి, మినారులో గంటలు కట్టారు. తన మాట పోయిందని రాజు మండిపడి, ఇద్దరినీ శిక్షిస్తానని గుర్రమెక్కి వచ్చాడట. అప్పుడు ముస్లింలే ఊరి బయట ఎదురువెళ్లి, వారిని క్షమించమనీ, మస్జిద్ విషయంలో రాజు చేసిన ప్రమాణం నుండి అతన్ని విడిచిపెడుతున్నామనీ చెప్పారట. వారి తరఫున మాట్లాడినది అబూ వలీద్ అనే ఫఖీహ్ అని స్థానిక కథనం. కెతడ్రల్ ప్రధాన పీఠం దగ్గరి స్తంభం మీద ఆ ఫఖీహ్ విగ్రహం ఇప్పటికీ ఉంది! మనం విగ్రహాలను గౌరవించేవారం కాము. కాని ఆ విగ్రహం ఎందుకు పెట్టారో ఆలోచించడంలో తప్పులేదు.

ఈ కథలో ఎంత నిజం, ఎంత రాజును కాపాడే ప్రయత్నం అని చరిత్రకారులు వాదించుకుంటారు. మస్జిద్ పోయిందన్నది, 1086లో అది చర్చిగా మారిందన్నది మాత్రం నిజం. ఆ ముస్లింలు ఎందుకు క్షమించమన్నారో కూడా ఆ చరిత్రే దాచకుండా చెప్పింది. రాణిని, బిషప్‌ను రాజు శిక్షిస్తే ఆ పగ రేపు తమ పిల్లల మీద పడుతుందని వారి భయం. బలహీనుడి క్షమాపణకు ఇలాంటి అర్థం కూడా ఉంటుంది. మన ఇళ్లలో ‘నేను మెహర్ మాఫ్ చేశాను’ అని చెప్పిన ఆడపిల్లల్లో ఎందరి మాట ఇటువంటిదో భర్తలు ఒకసారి గుండెల మీద చేయి వేసుకుని ఆలోచించాలి.

అల్ఫోన్సో కొలువులోనే సిస్నాందో అనే ఒక మొజారబ్ క్రైస్తవ అధికారి ఉండేవాడు. ముస్లింలతో మెత్తగా ఉండమనీ, మస్జిద్‌ను ముట్టవద్దనీ అతడు రాజుకు సలహా ఇచ్చాడని ముస్లిం చరిత్రకారుడు ఇబ్ను బస్సామ్ రాశాడు. తన ధర్మంవారు తప్పు చేయబోతుంటే వద్దన్నవాడు. అటువంటివారు ప్రతి జాతిలోనూ ఉంటారు. వారి పేర్లు మనం కూడా గుర్తుపెట్టుకోవాలి.

ఇక్కడ హజ్రత్ ఉమర్ (రజి) గురించి చెప్పకుండా ఉండలేం. జెరూసలేం లొంగిపోయినప్పుడు ఆయన అక్కడి ప్రధాన చర్చిలో ఉండగా నమాజ్ వేళయింది. లోపలే చేసుకోమని బిషప్ సోఫ్రోనియస్ కోరినా ఆయన బయట మెట్ల మీద చేశారు. ఉమర్ ఇక్కడ నమాజ్ చేశాడంటూ రేపు ముస్లింలు ఈ చర్చిని తీసుకుంటారేమో అన్నది ఆయన ఆందోళన. ఇది రాసిపెట్టినవాడు యుటికియస్ అనే క్రైస్తవ మతాధిపతి. తన తరువాత వచ్చేవారు మాట తప్పడానికి సాకు కూడా దొరకకూడదని ముందే ఆ తలుపు మూసిన పాలకుడు ఆయన. తొలేదోలో రాజు అటు వెళ్లగానే ఇటు మాట తప్పినవారినీ, జెరూసలేంలో రాబోయే తరాల కోసం మాటను కాపాడినవారినీ పక్కపక్కన పెట్టి చూస్తే, ప్రమాణం అంటే ఇస్లాం దృష్టిలో ఏమిటో అర్థమవుతుంది.

ఆ బోధ ఎక్కడినుండి వచ్చింది? బద్ర్ యుద్ధం నాటి ఒక సంఘటన సహీహ్ ముస్లింలో ఉంది. హజ్రత్ హుజైఫా (రజి), ఆయన తండ్రి కలిసి మదీనాకు వస్తుంటే ఖురైషులు దారిలో పట్టుకున్నారు. మీరు ముహమ్మద్ దగ్గరకే పోతున్నారన్నారు. మేము మదీనాకు పోతున్నామని వారన్నారు. యుద్ధంలో పాల్గొనమని అల్లాహ్ పేర మాట ఇప్పించుకుని ఖురైషులు వదిలారు. వారిద్దరూ దైవప్రవక్త (సఅసం) దగ్గరకు వచ్చి జరిగింది చెప్పారు. ముస్లింల సైన్యం మూడు వందల పైచిలుకు మాత్రమే. ఎదుట సుమారు వెయ్యిమంది. ఒక్కొక్క మనిషీ పదిమంది పెట్టు. పైగా ఆ మాట బలవంతంగా, కత్తి అంచున తీసుకున్నది. మనమైతే వంద ఫత్వాలు వెదికేవాళ్లం. దైవప్రవక్త (సఅసం) మాత్రం వారిద్దరినీ వెనక్కి వెళ్లమన్నారు. వారికిచ్చిన మాట మనం నిలబెట్టుకుందాం, శత్రువుల మీద సహాయం అల్లాహ్‌నే అడుగుదాం అన్నది ఆయన చెప్పినదాని భావం. రాళ్లు రువ్విన, ఇళ్లనుండి వెళ్లగొట్టిన శత్రువుకిచ్చిన మాట అది!

ప్రమాణాల గురించి ప్రళయదినాన ప్రశ్న ఉంటుందని బనీ ఇస్రాయీల్ సూరా హెచ్చరించింది. మాట తప్పడాన్ని కపట విశ్వాసి లక్షణాల్లో ఒకటిగా దైవప్రవక్త (సఅసం) లెక్కించారు. ఇప్పుడు మన సంగతి చూసుకుందాం. తొలేదో పోయిందని మనం వాపోతాం. గ్రనాడా ఒప్పందాన్ని క్రైస్తవ రాజులు తుంగలో తొక్కారని ఆవేశపడతాం. ఇంటి అద్దె ఒప్పందం రాసుకున్నాక ఓనరు ముసలివాడని ఆర్నెల్లు కట్టకుండా ఉండేవాడెవడు? చీటీ పాడుకుని, డబ్బు చేతికి రాగానే మిగతా వాయిదాలు ఎగ్గొట్టేవాడెవడు? కట్నం, జోడా డబ్బు తీసుకోమని పెద్దమనుషుల ముందు చెప్పి, పెళ్లి వారం రోజులుందనగా కబురుపెట్టేవాడెవడు? వీరంతా అందులుస్ పేరు వింటే కన్నీళ్లు పెట్టుకునేవారే. వాకిట్లో నిలబడిన అప్పులవాడికి ‘అబ్బా ఇంట్లో లేరు’ అని చెప్పమని పిల్లవాడిని పంపేటప్పుడు, ఆ పిల్లవాడికి మనం ఏ కోట గోడలో రాయి పీకడం నేర్పిస్తున్నాం?

పరదేశంలో ఉన్న మన పిల్లలకు దీనిలో ఇంకో మాట ఉంది. ఒక దేశం ఇచ్చే వీసాను నేటి ధర్మవేత్తలు ఎందరో ‘అమాన్’గా, అంటే అభయ ఒప్పందంగా పరిగణించారు. ఆ దేశపు చట్టానికి లోబడి ఉంటామన్న మాట మీదే మనల్ని లోపలికి రానిచ్చారు. చదువు కోసమని వీసా తీసుకుని నిబంధన దాటి పనిచేయడం, గడువు తీరినా దాక్కుని ఉండిపోవడం, అక్కడివారు ముస్లింలు కారు కదా అని రైలు టికెట్టు ఎగ్గొట్టడం, ఇవన్నీ ప్రమాణభంగం కిందికే వస్తాయి. అభయం పొందినవాడు అభయమిచ్చినవాడికి బాధ్యుడు.

కెతడ్రల్ దాటి పడమటికి నడిస్తే యూదుల పేట. సాంతా మరియా లా బ్లాంకా అని నేడు పిలిచే యూద ప్రార్థనాలయంలోకి అడుగుపెడితే మస్జిద్‌లోకి వచ్చామేమో అనిపిస్తుంది. తెల్లటి గుర్రపు నాడా ఆకారపు తోరణాలు వరుసలు వరుసలుగా ఉంటాయి. క్రైస్తవ రాజ్యంలో, యూదుల కోసం, ముస్లింల పనితనంతో కట్టినది. 15వ శతాబ్దం మొదట్లో దాన్నీ చర్చిగా మార్చారు. 1492లో యూదులను దేశం నుండే వెళ్లగొట్టారు. దగ్గర్లోని సాన్ హువాన్ మఠం బయటి గోడలకు ఇనుప సంకెళ్లు వేలాడుతుంటాయి. గ్రనాడా రాజ్యంలో ముస్లింల చెరలో ఉండి విడుదలైన క్రైస్తవ ఖైదీలవి. మన గురించి వారి జ్ఞాపకం కూడా ఒకటుందని అవి గుర్తుచేస్తాయి. తల తిప్పుకుని పోకుండా వాటినీ చూడాలి.

గ్రనాడా విషయానికి వస్తే, 1491 నవంబరు ఒప్పందం ముస్లింలకు వారి ధర్మం, మస్జిద్‌లు, న్యాయస్థానాలు ఉంటాయని హామీ ఇచ్చింది. 1499లో ఆ హామీని కాలరాసి సామూహిక బాప్తిస్మాలకు, అరబీ గ్రంథాల దహనానికి పూనుకున్నది తొలేదో ఆర్చిబిషప్ సిస్నెరోసే. 1502లో కాస్తీల్ రాజ్యంలో ముస్లింలు మతం మారాలి లేదా వెళ్లిపోవాలని ఆజ్ఞ వచ్చింది. తొలేదో వీధుల్లో నాలుగు శతాబ్దాలుగా క్రైస్తవ పాలన కింద నమాజ్ చేసుకుంటూ వచ్చిన ముస్లింలకూ అది వర్తించింది. ఆశ్చర్యమేమిటంటే మొజారబుల పాత ప్రార్థనా విధానం అంతరించిపోకుండా కెతడ్రల్‌లో మందిరం ఏర్పరచినది కూడా ఈ సిస్నెరోసే. ముస్లిం పాలనలో భద్రంగా ఉండి మిగిలినదాన్ని కాపాడిన అదే చేయి, ముస్లింలకు మిగిలినదాన్ని తగలబెట్టింది.

నగరం చేజారాక కూడా అరబీ గ్రంథాలు మాత్రం ఇక్కడే ఉండిపోయాయి. 12వ శతాబ్దంలో ఇటలీనుండి జెరార్డ్ అనే పండితుడు టాలమీ ఖగోళ గ్రంథాన్ని వెదుక్కుంటూ వచ్చి, అరబీ నేర్చుకుని, ఇబ్ను సీనా ‘ఖానూన్’, ఖ్వారిజ్మీ బీజగణితంతో సహా డెబ్భైకి పైగా గ్రంథాలను లాటిన్‌లోకి తెచ్చాడు. ఐరోపా వైద్యులు శతాబ్దాల పాటు ఆ అనువాదంలోనే చదువుకున్నారు. రాజులు పోగొట్టుకున్నదాన్ని పండితులు పోగొట్టలేదు.

మధ్యాహ్నం దాటాక ప్రాకారం బయటినుండి ఉత్తరం వైపు నడవండి. పాత బిసాగ్రా దర్వాజా కనిపిస్తుంది. 10వ శతాబ్దపు ముస్లిం కట్టడం. అల్ఫోన్సో దీనిగుండానే ప్రవేశించాడని అంటారు. కాస్త ముందు 16వ శతాబ్దపు కొత్త బిసాగ్రా, రెండు తలల గద్ద చిహ్నంతో గంభీరంగా ఉంటుంది. పర్యాటకులంతా ఫోటోలు తీసుకునేది దానికే. పాతదాని ముందు తోపులాట ఉండదు.

అక్కడినుండి మెట్లెక్కి పైకి వెళితే బాబుల్ మర్దూమ్, దాని పక్కనే చిన్న ఇటుకల మస్జిద్. క్రీస్తో దె లా లూస్ అని దాని ఇప్పటి పేరు. 12వ శతాబ్దం చివర చర్చిగా మార్చి వెనకవైపు గది చేర్చారు. పొడవూ వెడల్పూ దాదాపు ఎనిమిదేసి మీటర్లు, మన పల్లెల్లోని చిన్న మస్జిద్ అంత. లోపల నాలుగు స్తంభాలు. వాటి తలలు విసిగోత్ కట్టడాలనుండి తెచ్చిపెట్టినవి. పైన తొమ్మిది చిన్న గుమ్మటాలు, ఒకదాని అల్లిక ఇంకోదాన్ని పోలదు. ఇప్పుడక్కడ నమాజ్ జరగదు. టికెట్టు కొని చూడవలసిన స్మారక కట్టడం. లోపల నమాజ్ చేసి తీరతామని కాపలావారితో వాదనకు దిగడం మంచి పని కాదు. టికెట్టు కూడా ఒక ఒప్పందమే. భూమి యావత్తూ మనకు మస్జిద్‌గా చేయబడింది. ప్రయాణికుడికి ఖస్ర్ ఉంది. నది ఒడ్డున గడ్డి మీద జానమాజ్ పరచుకోవచ్చు.

బయటి గోడ మీద, తోరణాలకు పైన, ఇటుకలనే అక్షరాలుగా పేర్చి రాసిన అరబీ శాసనం ఉంది. మనవాళ్లు దాన్ని కూడబలుక్కుని చదవగలరు. అల్లాహ్ పేరుతో మొదలవుతుంది. అహ్మద్ బిన్ హదీదీ అనే వ్యక్తి తన సొంత సొమ్ముతో, అల్లాహ్ వద్ద ప్రతిఫలం ఆశించి ఈ మస్జిద్ కట్టించాడనీ, హిజ్రీ 390 ముహర్రమ్‌లో అది పూర్తయిందనీ చెబుతుంది. అంటే 999 చివర లేదా 1000 జనవరి. కట్టిన మేస్త్రీ మూసా బిన్ అలీ పేరు, అతనితోపాటు పనిచేసిన సఆదా పేరు కూడా అందులో ఉన్నాయి. కట్టించిన ధనికుడు ఆ మేస్త్రీల పేర్లను తన పేరు పక్కన వేయించాడు. అల్‌ఖాదిర్ చంపించిన మంత్రి ఇంటిపేరు కూడా హదీదీయే.

సాయంత్రపు ఎండ ఆ గోడ మీద పడ్డప్పుడు ఇటుకల నీడలు పొడవై అక్షరాలు మరింత స్పష్టమవుతాయి. పిల్లలను వెంట తీసుకువెళ్లి ఉంటే, కాసేపు వారిచేత చదివించండి. ముందుగా బిస్మిల్లాహ్ దొరుకుతుంది, తరువాత అహ్మద్, ఆ తరువాత మూసా.